రావిశాస్త్రికి వేసిన ముద్ర

రావిశాస్త్రిని ‘మాండలిక రచయిత’ అని పొగిడే పెద్దమనుషులతో నాకు తగాదా వుంది. తిట్టేవాళ్లతో లేదు. ఆయన ఎవరి పక్షమో తిట్టేవాళ్లకి అర్థమయింది.

1922లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలో ప్లీడరీ చేసి, 1993లో పోయిన రాచకొండ విశ్వనాథశాస్త్రి యాస నిలబెట్టడానికి కలం పట్టలేదు. ‘అల్పజీవి’ చూడండి. గుమాస్తా సుబ్బయ్య భయం తప్ప అందులో కథేముంది? కాంట్రాక్టరు గవరయ్యని తలుచుకుంటేనే అతనికి కాళ్లు వణుకుతాయి. ఆ నవలలో యాస కోసం వెతికేవాడికి దొరికేది బహుస్వల్పం. నెలజీతం మీద బతికే మధ్యతరగతి పిరికితనం మాత్రం పేజీపేజీకీ దొరుకుతుంది. దీన్ని ఏ మాండలికం ఖాతాలో వేస్తారు?

ఇక ‘ఆరు సారా కథలు’. 1937 నాటి మద్రాసు మద్యనిషేధ చట్టం పేదల వీపుల మీద ఎలా పనిచేసిందో కోర్టు లోపలినుంచి చూసినవాడు రాసిన కథలవి. ‘మాయ’లో ముత్యాలమ్మ సారా కేసులో ముద్దాయి. చట్టమూ, పోలీసూ, ప్లీడరూ ఎలా కలిసి నడుస్తాయో కుర్ర ప్లీడరుకి పాఠం చెప్పేది ఆమే. ఆమె మాటని పాఠ్యపుస్తకం తెలుగులోకి మార్చి చదవండి. వాంగ్మూలం కాస్తా అర్జీ అయి కూచుంటుంది. (ఉపమానాలు ఒక్కోచోట బస్తాలకెత్తి పోస్తాడు, నిజమే. అది వేరే తగువు.)

గురజాడ ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయింది. అదంతా విజయనగరం మాటే. అయినా దాన్నెవరూ మాండలిక నాటకమనరు, తెలుగు నాటకమంటారు. పర్వతాలపేటలో పుట్టిన గిడుగు 1940లో కన్నుమూసేదాకా వాడుకభాష కోసం పోరాడాడు. గెలిచామనుకున్నాం. తీరా గెలిచింది ఎవరి వాడుక? కృష్ణా గుంటూరు జిల్లాల్లో చదువుకున్న పెద్దకులాల వాడుక ‘భాష’ అయింది. పాలకొండ కూలివాడి వాడుక ‘యాస’గానే మిగిలింది. సినిమాలో దాన్ని పనిమనిషికీ, నవ్వించేవాడికీ పంచిపెడతారు.

నేను బడిపంతుల్ని. పొరుగు జిల్లా బడిలో చేరిన మా ఊరి కుర్రాడొకడు ‘ఏటి మాస్టారూ’ అంటే క్లాసంతా నవ్విందట. రెండు నెలలు వాడు నోరెత్తలేదు.

2022లో, రావిశాస్త్రి శతజయంతి ఏట, ఒక సభకి వెళ్లాను. వక్త ఒకాయన ముత్యాలమ్మ గొంతు అనుకరించి, చేతులు తిప్పుతూ వినిపించాడు. సభ గొల్లుమంది. ముత్యాలమ్మ చెప్పిన సంగతేమిటో మాత్రం ఆయన ఎత్తలేదు.