నోటికి వచ్చిన పాట

కాగితం లేకుండా గంటన్నర సేపు బృందగానం చేస్తే జనం జ్ఞాపకశక్తిని మెచ్చుకుంటారు. నాకైతే ఆ మెప్పు సరిపోదనిపిస్తుంది. 1874లో మిలాన్‌లో తొలిసారి వినిపించిన స్వరకర్త వెర్డీ ‘రెక్వియమ్’ని, నాజీలు యూదుల్ని కుక్కిన చెక్ పట్టణం తెరెజీన్‌లో ఖైదీలు నోటికి నేర్చుకున్నారు. స్వరప్రతి ఒక్కటే, అదీ కండక్టర్ రాఫేల్ షెక్టర్ దగ్గర. పగలంతా వెట్టిచాకిరీ చేసి, అరాకొరా తిని, చలి నేలమాళిగలో పియానో చుట్టూ చేరేవారు. ఆయన లాటిన్ ముక్క ఒకటి అందిస్తే వీళ్లు తిరిగి అనాలి. సోప్రానోలకు ఒక వరస, బాస్‌లకు ఇంకొకటి. సుమారు 150 మంది! తీరా పాట కుదిరేసరికి రైలొచ్చి గాయకుల్ని ఆష్‌విట్జ్ మరణశిబిరానికి పట్టుకుపోయేది. మళ్లీ కొత్తవాళ్లు, మళ్లీ మొదటి ముక్క. అలాగే 16 సార్లు పాడారు. యూదులకు క్రైస్తవుల చావుప్రార్థన ఎందుకని శిబిరంలోని పెద్దలే కోప్పడ్డారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది గానీ, నా ఓటు షెక్టర్‌కే. నోరెత్తితే ప్రాణం పోయే చోట, ఆ ప్రార్థన మాటలతోనే దుర్మార్గులకు తీర్పు రోజు తప్పదని గొంతు చించుకుని అనడానికి అంతకన్నా దారేముంది? 1944 అక్టోబరులో ఆయన్నీ రైలెక్కించారు.