అలుగుకు అమెరికాలో జోడు

అలుగు అనగానే చెరువు నిండి పొర్లే అలుగు కొందరికి జ్ఞాపకం రావచ్చును. నేను ఈ నెల వ్రాయబోయేది ఒళ్లంతా పెంకులున్న అలుగును గురించి. మన కన్నడ సోదరులు దీనిని చిప్పుహంది అంటారు. పేరులో హంది ఉన్నంత మాత్రాన ఇది పందిజాతి కాదు.

అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతపు అడవులలో తమాండువా అనే జంతువు కలదు. అందులో రెండు జాతులు. ఒంటినిండా వెంట్రుకలు, చెట్లెక్కి, తోకను కొమ్మకు చుట్టి పట్టు నిలుపుకొంటుంది. నోట ఒక్క పన్నయినా లేదు. సుమారు 40 సెంటీమీటర్ల వరకు సాగే జిగురు నాలుకతో చీమలను, చెదలను తింటుంది. శత్రువు ఎదురైతే తోక ఊతగా లేచి నిలిచి, ముందుకాళ్లు చాచి గోళ్లు చూపుతుంది.

మన అలుగుకూ పళ్లు లేవు. అదే జిగురు నాలుక, పుట్టలు త్రవ్వే అవే గోళ్లు. అయినా రెంటికీ దగ్గరి చుట్టరికం లేదు! తమాండువా స్లాత్‌కు బంధువు. అలుగు కుక్క, పిల్లి మొదలైన మాంసాహారుల వంశానికి దగ్గర. వేర్వేరు ఊళ్ల వడ్రంగుల చేతులు ఒకే తీరున కాయలు కాచినట్లు, ఒకే తిండి ఈ రెంటినీ ఒకే తీరున మలచింది. పిల్లను తమాండువా వీపున, అలుగు తోకపైన మోస్తాయి.

భేదమల్లా భయం కలిగినప్పుడే. అలుగు ఎదిరించదు, ఉండగా చుట్టుకొంటుంది. మృగాల కోరల నుండి కాపాడే ఆ ఉపాయమే మనిషి దగ్గర దానికి ముప్పు. ఉండను ఎత్తి గోనెసంచిలో వేయడానికి ఎంతసేపు?

పెంకులలో మందున్నదన్న నమ్మకమే ఈ వేటకు ముఖ్య కారణం. మన గోరు ఏ పదార్థమో పెంకూ అదే. కత్తిరించిన గోళ్లను పెరట్లో పారవేసే మనం పెంకుకు ధర కట్టడం ఏమి న్యాయం? 1972 నాటి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలు దీనికి రక్షణ ఇచ్చింది. వేటకు జైలుశిక్ష తప్పదు. 2017 నుండి దేశాల మధ్య దీని వ్యాపారమూ నిషిద్ధం.

చింతామణి, బాగేపల్లి వైపు వేరుసెనగ పండించే వారికి చెదల బాధ వేరుగా చెప్పనక్కరలేదు. కూలి అడగకుండా చెదలను తినే జీవి ఇది. సాధారణంగా ఈతకు ఒక్క పిల్లే. పోయినది తిరిగి పూడటం కష్టం. ఊళ్లోకి పెంకుల బేరగాడు వస్తే డబ్బుకు ఆశపడక అటవీశాఖ వారికి తెలియజేయండి. అలుగు కనబడితే దారి విడవండి. పిల్లలకూ ఈ మాట చెప్పండి.