టమాటా మీద ఇంగ్లీషు ముద్ర ఎందుకు?

భాషాభిమానుల సభల్లో టమాటాకు తరచూ శిక్ష పడుతుంటుంది. అది ఇంగ్లీషు మాటట. మనకు రామములగ ఉండగా దాన్ని పలకడమే తప్పట. చప్పట్లు బాగానే పడతాయి గానీ, ఈ వాదానికి వేళ్లు లేవు.

టమాటా ఇంగ్లీషువాళ్ల సొత్తు ఎప్పుడూ కాదు. మెక్సికోలో ఆస్టెక్కులు మాట్లాడిన నావాట్ల్ భాషలో, గుండ్రంగా రసం నిండిన కాయను టొమాట్ల్ అన్నారు. అది ఒక్క కాయకే పెట్టిన పేరు కాదు, ఆ తరహా కాయలన్నిటికీ చెల్లేది. మనం కూరలో వేసే ఎర్రటిది వాళ్లకు షిటొమాట్ల్. మధ్య మెక్సికోలో ఈనాటికీ ఎర్రదాన్ని హిటొమాటె అనే అడుగుతారు. టొమాటె అంటే పొర కప్పుకున్న ఆకుపచ్చ కాయ చేతికిస్తారు. 1521లో ఆస్టెక్కుల రాజధాని స్పెయిన్ వశమయ్యాక ఆ మాట స్పానిష్‌లో టొమాటె అయింది. ఇంగ్లీషువాళ్లు కూడా మొదట అలాగే రాసుకున్నారు. చివరి 'ఓ' పొటాటో సావాసంతో అంటుకుందని భాషావేత్తల అంచనా. అంటే వాళ్లదీ అరువు సొమ్మే! మన దాకా వాళ్ల నోటి మీదుగానే వచ్చి ఉండొచ్చు, కాదనను. వచ్చిన దారి వేరు, పుట్టిల్లు వేరు.

రామములగ మంచి మాటే. అనేవాళ్లు హాయిగా అనుకోవచ్చు. కానీ ముందు 'రామ' తగిలించినంత మాత్రాన కాయ త్రేతాయుగానికి పోదు. సీతాఫలం, రామాఫలం కూడా అమెరికా నేలల నుంచి వచ్చినవే.

మరి మిరపకాయ సంగతి? అదీ అటునుంచి వచ్చిందే. దాని నావాట్ల్ పేరు చిల్లి. ఆ పేరు మనకు అక్కర్లేకపోయింది; కారంలో మిరియానికి చుట్టమని మిరపకాయ అనుకున్నాం. ఏ సభా తీర్మానించలేదు, ఏ పండితుడూ ఆమోదించలేదు. మిరపకాయకు సొంత పేరు కట్టుకున్న జనమే టమాటాకు వచ్చిన పేరును ఉంచుకున్నారు. మదనపల్లె యార్డులో వేలం సాగేది టమాటా పేరునే, తెలంగాణ ఇళ్లలో నూరేది టమాట తొక్కే. టమాటాలు, టమాటాలకు, టమాటాలతో అంటూ మన విభక్తులన్నీ తగిలించుకున్న మాటను ఇంకా పరాయిదంటే ఎలా?

నిఘంటువులు కూర్చేవారికి ఒక్క మనవి. టమాటా పక్కన 'ఆంగ్లం' అని రాయబోతే ఆగండి. 'నావాట్ల్, స్పానిష్ మీదుగా' అని రాయండి.