‘మట్టే కదా’ అనేవాళ్లకు మన జవాబు



గుట్టలను, చెలకలను తవ్వుకుపోయే టిప్పర్లను అడ్డుకున్న ప్రతిసారీ మనకు వినబడే మాట ఒకటే: “మట్టే కదా, పోతే ఏమైంది?” కాంట్రాక్టరు అదే అంటాడు. అతని వెనకున్న నాయకుడూ అదే అంటాడు. ఫిర్యాదు తీసుకున్న అధికారి నోటా అదే మాట. దీనికి జవాబు మన ఊరి గుట్ట మీదే ఉంది.

తెలంగాణలో ఎక్కువ భాగం కింద ఉన్నది గ్రానైటు. దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. గుట్ట మీది గుండును చూడండి. పగలు ఎండకు కాగుతుంది, రాత్రి చల్లబడుతుంది, వానకు తడుస్తుంది, మళ్లీ ఆరుతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగి పైభాగం ఉల్లిపొరలా లేచి రాలుతుంది. పగుళ్లలో మర్రి వేరు, రావి వేరు దూరి బండను చీలుస్తాయి. వాన నీరు గాలిలోని, నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పులుపెక్కి, రాతిలోని ఫెల్డ్‌స్పార్‌ను మెల్లగా బంకమన్నుగా మారుస్తుంది. నల్ల అభ్రకం చివికి పొటాషియాన్ని, ఇనుమును వదులుతుంది. ఆ ఇనుము తుప్పుపట్టడం వల్లే మన చెలకలకు ఎర్ర రంగు. ఎంతకీ చివకని పలుగురాయి ఇసుకగా మిగులుతుంది.

ఈ పని సగంలో ఉన్న రాయే మొరం. అంటే మొరం రేపటి మట్టి. వాన నీటిని ఇంకించుకుని మన బావులకు అందించేదీ ఈ చివికిన పొరే. దాన్ని తవ్వేస్తే పోయేది ఒక్క గుట్ట కాదు, కింద ఉన్న పొలాల నీళ్లు కూడా.

ఇక లెక్క చూద్దాం. రెండు మూడు సెంటీమీటర్ల మట్టి తయారు కావడానికి వెయ్యేళ్ల దాకా పట్టవచ్చని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చెబుతోంది. ఎకరంలో అంగుళం మందం మట్టి అంటే దాదాపు 100 ఘనపు మీటర్లు. పది ఘనపు మీటర్లు పట్టే టిప్పరుకు పది ట్రిప్పులు. వెయ్యేళ్ల పనిని ప్రొక్లెయినరు ఒక్క పూటలో ఎత్తేస్తుంది!

చట్టం దీన్ని ఎలా చూస్తోంది? 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం కింద, రోడ్లకు, కట్టలకు, భవనాలకు నింపే మామూలు మట్టిని 2000లో కేంద్రం ‘చిన్న తరహా ఖనిజం’గా ప్రకటించింది. ఇక సీనరేజి కట్టారా లేదా అన్నదే ప్రశ్న అయిపోయింది. సీనరేజి కడితే మట్టి తిరిగి పుడుతుందా?

పైమట్టిని కాపాడాలని, ఇటుకల్లో థర్మల్ కేంద్రాల బూడిద వాడాలని 1999లోనే కేంద్ర పర్యావరణ శాఖ ఉత్తర్వు ఇచ్చింది. రామగుండం, కొత్తగూడెం, విజయవాడ దగ్గర బూడిద గుట్టలుగా పడి ఉంది. బట్టీలు మాత్రం ఇంకా పొలం మట్టితోనే మండుతున్నాయి.

మనలో మనం కూడా ఒక మాట చెప్పుకోవాలి. అప్పుల వాళ్లు గుమ్మం ముందు కూర్చుంటే పైమట్టిని బట్టీకి అమ్ముకున్న రైతులు మన సంఘంలోనూ ఉన్నారు. వాళ్లను తప్పుపట్టడం లేదు. పంటకు గిట్టుబాటు ధర ఉంటే ఏ రైతూ చేను పైపొర అమ్ముకోడు. కానీ ఆ డబ్బు ఒక్క ఏడు అప్పుకు సరిపోతుంది, నష్టం మాత్రం మనవళ్ల దాకా పోతుంది. ఆ సారాన్ని ఎన్ని బస్తాల యూరియా వేసినా తిరిగి తేలేం.

అందుకే మనం డిమాండ్ చేస్తున్నాం:

1. గ్రామసభ ఒప్పుకోకుండా ఏ గుట్టలోనూ మొరం తవ్వకాలకు అనుమతి ఇవ్వకూడదు.

2. సాగు భూమి పైమట్టిని ఇటుక బట్టీలకు తరలించడాన్ని నిషేధించాలి. బూడిద ఇటుకల ఉత్తర్వును గట్టిగా అమలు చేయాలి.

3. చెరువుల పూడిక మట్టి మన చేలనుంచి కొట్టుకుపోయిన మట్టే. దాన్ని ముందుగా సన్నకారు రైతుల పొలాలకే ఉచితంగా ఇవ్వాలి.

4. అక్రమంగా తవ్విన గోతులను తవ్వినవాళ్ల ఖర్చుతోనే పూడ్పించాలి.

వచ్చే గ్రామసభలో ప్రతి ఊరి కమిటీ ఈ నాలుగింటినీ తీర్మానంగా పెట్టాలి. రాత్రి టిప్పరు వస్తే ఒక్కరే ఎదురు వెళ్లకండి, పది మందిని పిలవండి. ‘మట్టే కదా’ అన్నవాళ్లను గుట్ట దగ్గరికే తీసుకెళ్లి ఆ గుండును చూపించండి.