గంటసేపు గోల్ఫ్: ముందు లెక్క, తర్వాతే ప్రాక్టీసు

ప్రోగ్రామ్ నెమ్మదిగా నడుస్తుంటే ముందు ఏం చేస్తాం? టైమంతా ఎక్కడ పోతోందో ప్రొఫైలర్ పెట్టి చూస్తాం. అదేం చిత్రమో, గోల్ఫ్ దగ్గరికొచ్చేసరికి మన సాఫ్ట్‌వేర్ మిత్రులకి ఇది గుర్తు రాదు. శనివారం ఇంట్లో బతిమాలి తెచ్చుకున్న ఒక్క గంటా డ్రైవింగ్ రేంజ్‌లో బకెట్ బంతుల్ని డ్రైవర్‌తో బాదేసి వస్తారు!

ఆటంతా పటింగ్‌లోనే ఉందని ఇంకో పాత నమ్మకం. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ పీజీఏ టూర్ షాట్ల రికార్డులన్నీ తిరగేసి, అగ్రశ్రేణి ఆటగాళ్ళ ఆధిక్యంలో పటింగ్ వాటా సుమారు 15 శాతమేననీ, గ్రీన్ మీదికి కొట్టే అప్రోచ్ షాట్లది 40 శాతం దాకా ఉందనీ తేల్చారు. ఆయన 'స్ట్రోక్స్ గెయిన్‌డ్' పద్ధతిని టూర్ 2011లో పటింగ్‌తోనే మొదలుపెట్టడం తమాషా.

అవి ప్రొఫెషనల్స్ లెక్కలు, మనవి వేరు. అందుకే వేల డాలర్లు పోసి లాంచ్ మానిటర్ కొనేముందు, ఒక మూడు రౌండ్లు స్కోర్ కార్డు పక్కన పెన్సిల్‌తో రాసుకోండి: పెనాల్టీలెన్ని, గ్రీన్ చేరని అప్రోచ్‌లెన్ని, మూడేసి పట్‌లు పట్టిన హోల్స్ ఎన్ని. ఎక్కువ పోతున్నచోటే ఆ గంట పెట్టాలి. ఎనిమిదడుగుల పట్ టూర్ ఆటగాళ్ళకే సగంసార్లు పడదు. కాబట్టి మూడు పట్‌లే మీ జబ్బయితే ముప్ఫై అడుగుల నుంచి బంతిని హోల్ దగ్గరికి చేర్చడం సాధన చెయ్యండి. అప్రోచ్ అయితే అర బకెట్ చాలు, బంతిబంతికీ గురి మార్చాలి. రౌండుకి రెండు బంతులు చెరువుపాలవుతుంటే మాత్రం ప్రాక్టీసు కూడా అక్కర్లేదు, ఆ హోల్స్‌లో డ్రైవర్ని సంచిలోనే ఉంచి హైబ్రిడ్ తియ్యండి.