అమీర్‌పేటలో కారు అక్కర్లేదు, కాలిబాట కావాలి

అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతంలో ఉంటూ సొంత కారు లేకుండా సంసారం నడపడం సాధ్యమేనా? సాధ్యమే. హైదరాబాద్‌లో మరెక్కడైనా ఈ మాట అనడానికి ముందూ వెనకా ఆలోచించాలేమో గానీ, ఇక్కడ మాత్రం నిక్కచ్చిగా చెప్పవచ్చు. అసలు ఇక్కడ ఎక్కువమంది బతుకుతున్నది అలాగే. ఆదిత్య ఎన్‌క్లేవ్‌లో జావా, శాప్ నేర్చుకోవడానికి జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్ళలో సర్దుకునే పిల్లలు, బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడి పనిచేసే అమ్మాయిలు, నిమ్స్ ఆసుపత్రికి ఫైళ్ళు పట్టుకుని వచ్చే రోగులు, బల్కంపేట ఎల్లమ్మ గుడికి వచ్చే భక్తులు... వీళ్ళలో కారున్నవాళ్ళు ఎందరు? అయినా రోడ్డు మాత్రం కారుకే రాసిచ్చేశాం. ఈ అన్యాయాన్ని సరిదిద్దాల్సింది ప్రభుత్వమే. కారు కొనగల స్తోమత ఉన్న కుటుంబాలు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి.

2017 నవంబరులో మియాపూర్ నుంచి, నాగోల్ నుంచి వచ్చిన మెట్రో రైళ్ళు కలిసింది అమీర్‌పేటలోనే. మరుసటి ఏడాది సెప్టెంబరులో ఎల్‌బీ నగర్ దాకా, 2019 మార్చిలో హైటెక్ సిటీ దాకా, అదే ఏడాది నవంబరులో రాయదుర్గం దాకా దారి పడింది. రెండు మార్గాలు ఒకదాని మీదుగా ఒకటి దాటే స్టేషన్ ఇది. ఇక్కడ రైలెక్కితే హైటెక్ సిటీకి ఇరవై నిమిషాలు. ఊరెళ్ళాలంటే మారే పని లేకుండా ఎంజీబీఎస్ బస్టాండు దాకా పోవచ్చు. నాంపల్లి స్టేషనూ అదే దారిలో తగులుతుంది. బేగంపేటలో, నేచర్ క్యూర్ ఆసుపత్రి దగ్గర ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఆగుతుంది. పటాన్‌చెరు, కోఠి మధ్య తిరిగే 218 బస్సు అమీర్‌పేట, పంజాగుట్ట కూడళ్ళను దాటుకునే పోతుంది. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఇన్ని దారులు ఒక్కచోట కలిసిన పేటలు రాష్ట్రంలో అరుదు.

ఖర్చు లెక్క కూడా చూద్దాం. 8 లక్షల కారుకు లక్ష చేతి నుంచి పెట్టి, మిగతా 7 లక్షలు 9 శాతం వడ్డీకి ఏడేళ్ళ అప్పుగా తీసుకుంటే నెలనెలా కట్టాల్సిన వాయిదా రూ.11,200 పైమాటే. బీమా, సర్వీసింగ్, టైర్లు, లీటరు రూ.107 దాటిన పెట్రోలు కలిపితే తడిసి మోపెడవుతుంది. 2025 మేలో ఛార్జీలు పెంచాక కూడా మెట్రోలో గరిష్ఠ టికెట్టు రూ.69. ఆ గరిష్ఠ ఛార్జీతోనే నెలకు 26 రోజులు పోయి వచ్చినా రూ.3,600 లోపే తేలుతుంది. వాయిదా సొమ్ములో మిగిలిన ఏడు వేల పైచిలుకుతో వానొచ్చినప్పుడు ఆటో, పెళ్ళికి క్యాబు, సంక్రాంతికి ఊరెళ్ళడానికి అద్దె కారు అన్నీ గడిచిపోతాయి. అప్పు తీరేనాటికి కారు విలువ సగానికి పడిపోయి ఉంటుంది. ఆ ఏడేళ్ళూ అది ఎక్కువ గంటలు అపార్టుమెంటు సెల్లార్‌లోనో, పక్కింటివాళ్ళ గేటుకు అడ్డంగానో నిలబడే ఉంటుంది.

మరి ఎందుకు కొంటున్నారు? చాలా ఇళ్ళలో అవసరం కంటే పరువే ముందుంటోంది. పెళ్ళి చూపుల్లో అబ్బాయి ఉద్యోగం తర్వాతి ప్రశ్న సొంత ఇల్లు, ఆ తర్వాతిది కారు. బంధువుల గృహప్రవేశానికి ఆటో దిగితే చిన్నచూపు చూస్తారన్న భయం. వాయిదా కట్టలేక పిల్లల ఫీజులకు చేబదుళ్ళు చేసే ఇళ్ళలోనూ వాకిట్లో కారు ఉంటుంది. ఈ ఒత్తిడి నిజమే. కానీ దానికి తలొగ్గి అప్పుల పాలు కావడంలో గౌరవమేమీ లేదు.

కారు తప్పనిసరి అయిన ఇళ్ళూ ఉన్నాయి. చక్రాల కుర్చీలో తిరిగే మనిషి ఉన్న ఇల్లు, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళే పెద్దాయన ఉన్న ఇల్లు, అర్ధరాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చే నర్సు ఇల్లు. అర్ధరాత్రి దాటితే మెట్రో ఉండదు, సిటీ బస్సు కంటికి కనిపించదు. వీళ్ళను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. మిగతావాళ్ళు అనవసరపు కార్లను రోడ్డెక్కించకపోతే వీళ్ళ కారు, వీళ్ళను మోసే అంబులెన్సు పంజాగుట్ట కూడలిని త్వరగా దాటుతాయి.

కారు లేనివాళ్ళను నిజంగా బాధపెడుతున్నది దూరం కాదు. స్టేషన్ మెట్లు దిగాక ఇంటికి నడవాల్సిన ఆ అర కిలోమీటరు. మైత్రీవనం నుంచి మెట్రో స్టేషన్ వైపు నడిచి చూడండి. కాలిబాట మీద ముందు బైకుల వరుస, దాన్ని దాటితే ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన కోచింగ్ ఫ్లెక్సీ స్తంభం, తర్వాత టిఫిన్ బండి, దాని ముందు ప్లేట్లు పట్టుకుని నిలబడ్డ జనం. ఆ పైన రెండు బండలు లేచిపోయి కింద మురుగు కాలువ కనబడుతుంటుంది. మనిషి దిగి రోడ్డు మీద నడవాల్సిందే, వెనక నుంచి బస్సు హారన్ కొడుతుంది. నిమ్స్ ఎదురుగా ఎక్స్‌రే కవరు చంకన పెట్టుకుని, ముసలి తండ్రిని చేయిపట్టి రోడ్డు దాటించే కొడుకు, బండ్లకు సిగ్నల్ పచ్చబడేలోపు ఆ తండ్రి కాళ్ళు సాగవని గుండె చిక్కబట్టుకుని నిలబడతాడు. ఈ కష్టం చూసి, ఓపిక నశించి కారు కొంటున్నవాళ్ళూ ఉన్నారు. రోజంతా అమ్ముకుని బతికే టిఫిన్ బండి అమ్మను తరిమేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. వీధి వ్యాపారులకు 2014 చట్టం హక్కులిచ్చింది, వాళ్ళకు చోటు చూపాల్సిన బాధ్యత నగరపాలక సంస్థది. ముందు తొలగించాల్సింది బైకులను, ఫ్లెక్సీలను.

ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు. పాదచారులకు కాలిబాట రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద హక్కు అని సుప్రీంకోర్టు 2025 మేలో స్పష్టం చేసింది. వాహనాలను కాదు, మనుషులను గమ్యం చేర్చడమే లక్ష్యమని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెబుతోంది. ఇన్నేళ్ళుగా మనం చేసిందేమిటి? ఫ్లైఓవర్ల మీద ఫ్లైఓవర్లు. పంజాగుట్ట ఫ్లైఓవర్ కట్టేటప్పుడు 2007 సెప్టెంబరు 9న కూలి ప్రాణాలు కూడా పోయాయి. అది పూర్తయి ఏళ్ళు గడిచినా దాని కింది కూడలిలో సాయంత్రం రద్దీ తగ్గిందా?

బస్సుల విషయంలో మరీ అన్యాయం జరిగింది. 1932లో 27 బస్సులతో నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ మొదలైన నగరం మనది. 2019లో 52 రోజుల ఆర్టీసీ సమ్మె ముగిశాక ఇదే నగరంలో వందలాది సిటీ బస్సులకు కోత పెట్టారు. ఊరు పెరిగింది, బస్సులు తరిగాయి. ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం మంచి నిర్ణయం, కానీ ఫుట్‌బోర్డు మీద వేలాడే ఉచితం ఎవరికి కావాలి? మెట్రోదీ అదే తీరు. సాయంత్రం అమీర్‌పేటలో మూడు పెట్టెల రైలు వస్తే తలుపు దగ్గరే తోపులాట. మెట్రోను తన చేతుల్లోకి తీసుకోవడానికి 2025 సెప్టెంబరులో సూత్రప్రాయంగా అంగీకరించిన రాష్ట్ర ప్రభుత్వం, పెట్టెలు పెంచే పనిని అన్నిటికంటే ముందు పెట్టుకోవాలి.

మరో కఠిన నిర్ణయమూ తప్పదు. జపాన్‌లో చాలాచోట్ల కారు నిలిపే చోటు చూపించనిదే కారు రిజిస్ట్రేషన్ కుదరదు, 1962 నుంచి అక్కడ అది చట్టం. ఆ చట్టం ఉండగానే వాళ్ళ కార్ల పరిశ్రమ ప్రపంచాన్ని ఏలింది. సెల్లార్‌ను దుకాణాలకు అద్దెకిచ్చి, కార్లను గల్లీలో నిలబెట్టే అమీర్‌పేటకు ఇలాంటి నిబంధన ఎప్పుడో రావాల్సింది. కొత్త కారు రిజిస్ట్రేషన్‌కు పార్కింగ్ చోటు రుజువు చూపాలని రవాణా శాఖ ఆదేశం ఇవ్వాలి. గల్లీ ఎవరి సొంత గ్యారేజీ కాదు.

మైత్రీవనం నుంచి నిమ్స్ దాకా రెండు వైపులా అడ్డంకులు లేని కాలిబాట, ముసలివాళ్ళు దాటగలిగినంత సేపు పచ్చగా ఉండే పాదచారుల సిగ్నళ్ళు, సాయంత్రం అయిదు నుంచి రాత్రి పది వరకు అదనపు బస్సులు. ఈ మూడింటికీ కొత్త భూసేకరణ అక్కర్లేదు, వేల కోట్లూ అక్కర్లేదు. నగరపాలక సంస్థ, ఆర్టీసీ, ట్రాఫిక్ పోలీసులు ఒక్కచోట కూర్చుని గడువు పెట్టుకుని, ఆ గడువును ప్రజలకు ప్రకటించాలి.