శాలువా వద్దు, పియానో ఇవ్వండి!

పెళ్లి రిసెప్షన్లలోనో, వినాయక చవితి పందిళ్లలోనో ఆర్కెస్ట్రా వారి పాటకచేరీ మీరు చూసే ఉంటారు. వెనక వరసలో ఒకాయన నిలబడి, నడుమెత్తు పీపాల్లాంటి రెండు డోళ్ల మీద అరచేతుల్తో దడదడలాడిస్తూ ఉంటాడు. అదేం వాద్యమండీ అని అడిగి చూడండి. ‘తుంబా’ అంటాడు. సినిమా రికార్డింగ్ థియేటర్లలో మన వాద్యకారులు దశాబ్దాలుగా పిలుస్తున్న పేరే అది.

ఇంతకీ ‘తుంబా’ మన మాట కాదు. క్యూబా దేశపు మాట! అక్కడి ‘తుంబదోరా’ సముద్రాలు దాటి వచ్చి, తోక తెంచుకుని తుంబా అయి కూర్చుంది. పాత చిత్రాల్లో క్లబ్బు పాట వచ్చినప్పుడల్లా, మనం కళ్లప్పగించి డాన్సు చూస్తుంటే, వెనకాల చేతులు కాయలు కాచేలా వాయించింది ఆ తుంబా ఆయనే. పాపం, టైటిల్స్‌లో ఆయన పేరెప్పుడైనా చూశారా?

సరే, ఆ డోలు పుట్టినింటి కబురే ఈ వారం మన ముచ్చట.

క్యూబా సంగీతం, అమెరికా జాజ్ వియ్యమందితే పుట్టిన బిడ్డ పేరు లాటిన్ జాజ్. పెళ్లి జరిగింది న్యూయార్కులో, 1940ల్లో. హవానా నుంచి వచ్చిన మారియో బౌసా 1943లో ‘టాంగా’ అనే బాణీ కట్టి ముహూర్తం పెట్టాడు. 1947లో ట్రంపెట్ వీరుడు డిజీ గిలెస్పీ, చానో పోసో అనే క్యూబా డోలు విద్వాంసుణ్ణి తన జట్టులో చేర్చుకున్నాడు. చానోకి ఇంగ్లీషు అంతంత మాత్రం, డిజీకి స్పానిష్ అంతంత మాత్రం. అయితేనేం, లయ ఉందిగా!

ఆ లయకి మూలం ‘క్లావే’. మనకి తాళం ఎలాగో వాళ్లకి క్లావే అలాగ. రెండు కర్రముక్కలు ఒకదానిమీద ఒకటి కొడితే ఐదు దెబ్బలు. ముందు మూడు, తర్వాత రెండు. లేదా ముందు రెండు, తర్వాత మూడు. కర్రలు మోగినా మోగకపోయినా, జట్టులో ప్రతివాడి మనసులోనూ ఆ ఐదు దెబ్బలు నడుస్తూనే ఉండాలి. ఇరవయ్యేళ్ల కుర్రాడు తప్పినా తప్పే, ఎనభయ్యేళ్ల పెద్దాయన తప్పినా తప్పే. పెద్దాయన కదా అని క్లావే ఓ క్షణం ఆగదు. కుర్రాడు కదా అని క్షమించదు!

ఈ సంగీతాన్ని తెర మీద చూడాలంటే ‘కాయె 54’ చూడండి. 2000లో వచ్చిన స్పానిష్ చిత్రం. కాయె అంటే వీధి. చిత్రంలో ఎక్కువ భాగం తీసిన రికార్డింగ్ స్టూడియో న్యూయార్కు 54వ వీధిలో ఉండేది. అదీ పేరు కథ. దర్శకుడు ఫెర్నాండో త్రువేబా. ‘బెల్ ఎపోక్’ చిత్రానికి ఆస్కార్ తెచ్చుకున్న మనిషి. ఇందులో హీరో లేడు, విలన్ లేడు, ఫైటింగుల్లేవు. వాద్యకారులు వాయిస్తారు, కెమెరా చూస్తుంది. అంతే! అయినా ఒక్క ఘట్టం దగ్గర నాకు కళ్లు చెమర్చాయి. ఎందుకో చెబుతాను.

ఆ ఘట్టంలో ఇద్దరు పియానిస్టులు. ఒకరు బేబో వాల్దేస్, రెండోవారు చూచో వాల్దేస్. తండ్రీ కొడుకులు. తండ్రి పుట్టింది 1918 అక్టోబరు 9న, కొడుకు పుట్టింది 1941 అక్టోబరు 9న. పుట్టినరోజు కూడా ఒకటే! సినిమా కథలో రాస్తే ‘మరీ అతిగా ఉందండీ’ అని నిర్మాత కొట్టేసే సంగతి.

బేబో ఒకప్పుడు హవానాలో పేరుమోసిన ట్రాపికానా క్యాబరేలో పియానిస్టు. విప్లవం వచ్చిన తర్వాత, 1960లో దేశం విడిచి వెళ్లాడు. మళ్లీ క్యూబా గడ్డ మీద కాలు పెట్టలేదు. అప్పటికి చూచోకి పందొమ్మిదేళ్లు. కొడుకు అక్కడే ఉండిపోయాడు. తండ్రి తిరిగి తిరిగి స్వీడన్ చేరి, అక్కడే పెళ్లి చేసుకుని, స్టాక్‌హోం హోటళ్లలో పియానో వాయిస్తూ దాదాపు మూడు దశాబ్దాలు గడిపాడు. భోజనాలు చేసేవాళ్లకి వెనక మోగే పియానో ఎవరిదో ఎవరడుగుతారు చెప్పండి?

ఇక్కడ క్యూబాలో కొడుకు 1973లో ‘ఇరాకెరె’ అనే జట్టు కట్టి దేశదేశాల్లో పేరు తెచ్చుకున్నాడు. 1978లో ఆ జట్టు న్యూయార్కు కార్నెగీ హాల్లో వాయించడానికి వచ్చినప్పుడు తండ్రి వచ్చి కలిశాడు. పద్దెనిమిదేళ్ల తర్వాత! కలిశారు, విడిపోయారు. ఎవరి దేశం వారిది.

మరి బేబోని మళ్లీ వెలుగులోకి తెచ్చిందెవరు? ప్రభుత్వమా? అకాడమీయా? కాదు, కుర్రకారు! ఇరాకెరెలో కొడుకు పక్కన సాక్సఫోన్ వాయించి, తర్వాత తనూ దేశం వదిలిన పకీతో డిరివేరా 1994లో ఫోన్ చేసి రికార్డింగుకి పిలిచాడు. పకీతో బేబోకంటే ముప్ఫయ్యేళ్లు చిన్న. పిలిచింది సన్మానానికి కాదు. ‘బాణీలు కట్టండి, వాయించండి’ అని. డెబ్బయ్యారేళ్ల పెద్దాయన కొత్త బాణీలు రాసుకుని మరీ వచ్చాడు. అదే ‘బేబో రైడ్స్ అగైన్’ రికార్డు.

ఇప్పుడు ‘కాయె 54’ ఘట్టానికి వద్దాం. తండ్రీ కొడుకులు కలిసి వాయించింది లెకువోనా అనే క్యూబా స్వరకర్త బాణీ ‘లా కొంపార్సా’. దూరాన ఊరేగింపు డోళ్లు వినబడతాయి. దగ్గరికొస్తాయి. మన వీధి దాటి మెల్లగా వెళ్లిపోతాయి. అదీ ఆ బాణీ. చూచో వేళ్ల వేగానికి ప్రపంచమంతా జోహార్లంది. కానీ ఇక్కడ ఆ వేగం చూపించాలన్న తాపత్రయమే లేదు. ఒకరు చెబుతుంటే ఒకరు వింటున్నారు. కొడుకుది ‘నేను నేర్చుకున్నాను చూడు నాన్నా’ అనే ఆర్భాటం కాదు, తండ్రిది ‘నేను నేర్పాను’ అనే దర్పమూ కాదు. నలభయ్యేళ్ల ఎడబాటు గురించి ఒక్క డైలాగు లేదు. ఉంటే ఆ సీను పాడయ్యేది!

అదే చిత్రంలో బేబో, కచావో అనే బేస్ విద్వాంసుడితో కలిసి మరో పాట వాయించాడు. ఇద్దరూ 1918లోనే పుట్టారు. అన్నట్టు, ఇద్దరూ పోయింది కూడా మార్చి 22నే. కచావో 2008లో, బేబో 2013లో!

ఆ తర్వాత పెద్దాయన ఊరుకున్నాడా? 2003లో డియేగో ఎల్ సిగాలా అనే ఫ్లెమెంకో గాయకుడితో ‘లాగ్రిమాస్ నెగ్రాస్’ రికార్డు ఇచ్చాడు. ఇద్దరికీ యాభయ్యేళ్ల తేడా. కొడుకుతో కలిసి చేసిన ‘హుంతోస్ పారా సియెంప్రె’, అంటే ‘ఎప్పటికీ కలిసే’, 2010లో గ్రామీ గెలిచింది. అప్పుడాయన వయసు తొంభై ఒకటి. 2010లోనే వచ్చిన ‘చీకో అండ్ రీటా’ అనే బొమ్మల చిత్రానికి సంగీతం ఆయనదే. అందులోనూ మరుగునపడ్డ ముసలి పియానిస్టుని వెతికి పిలిచేది ఒక యువగాయనే. ఆ చిత్రం ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే... నాకు తెలిసిన వయొలిన్ మాస్టారొకాయన ఉన్నారు. మద్రాసులో పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలు కూర్చుని పాట రికార్డు చేసిన రోజుల మనిషి. కీబోర్డులు, కంప్యూటర్లు వచ్చాక వయొలిన్ పెట్టె మూతపడింది. ఆయనకి మూడుసార్లు సన్మానం జరిగింది. మూడు శాలువాలూ బీరువాలో ఉన్నాయి. ‘సభలో ఏం వాయించారు మాస్టారూ?’ అని అడిగాను. ‘వాయించమని ఎవరన్నారు నాయనా? కూర్చోమన్నారు, కూర్చున్నాను’ అన్నారాయన.

చూశారూ, అదీ తేడా! మనం పెద్దవాళ్ల కాళ్లకి దణ్ణం పెడతాం. మంచిదే. కానీ కాళ్లు చూసినంతసేపు చేతులు చూడం. కచేరీలో పెద్దాయనకి చోటిస్తే మన వేగం తగ్గిపోతుందేమోనని భయం. పకీతో వేగం తగ్గిందా? సిగాలా పేరు తగ్గిందా? పైగా పెరిగింది!

గిటార్లు, డ్రమ్ములు పట్టుకుని కాలేజీల్లో జట్లు కడుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ ఊళ్లో రిటైరైన క్లారినెట్ ఆయనో, హార్మోనియం మాస్టారో తప్పకుండా ఉంటారు. ఈసారి వార్షికోత్సవానికి ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టకండి. మీ పక్కన, స్టేజీ మీద కూర్చోబెట్టండి. రెండు రిహార్సల్స్‌కి పిలవండి. తాళం తప్పితే మొహమాటం లేకుండా ఆయన మీకు చెబుతారు, మీరూ ఆయనకి చెప్పండి. శాలువా ఖర్చు మిగిలితే రిహార్సల్స్‌లో టిఫిన్లకి వాడుకోండి!

ఏమంటారు? వచ్చే వారం మరో ముచ్చటతో కలుద్దాం.